సెలయేరు దీపం పెట్టిన ఇల్లు

నాన్న ఇంగ్లండ్‌లో మా దగ్గర ఉన్నది రెండున్నర నెలలు. లండన్ చూపించాం, ఎడిన్‌బరా కోట చూపించాం, సముద్రం ఒడ్డున ఉండే బాంబరా కోట కూడా చూపించాం. అన్నిచోట్లా బుద్ధిగా మా వెనక నడిచి, ఫొటోకి నిలబడమంటే నిలబడి, "బాగుందమ్మలూ" అని ఊరుకున్నారు. తనంతట తాను నోరు తెరిచి "ఇంకోసారి తీసుకెళ్తావా" అని అడిగింది మాత్రం ఒక్క చోటికే. అది క్రాగ్‌సైడ్.

న్యూకాసిల్ నుంచి ఉత్తరంగా ఓ 50 కిలోమీటర్లు పోతే రాత్‌బరీ అని చిన్న ఊరు వస్తుంది. పక్కనే కొకెట్ నది. ఆ ఊరికి దగ్గర్లోనే, అడవి కమ్మేసిన కొండవాలు మీద ఉంటుంది ఈ ఇల్లు. విక్టోరియా రాణి కాలం నాటిది. ప్రపంచంలో నీటితో పుట్టించిన కరెంటుతో దీపాలు వెలిగిన మొదటి ఇల్లు ఇదే. నాన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పవర్ హౌస్‌లో ముప్పై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు కదా, ఆయనకి అక్కడ ఏం దొరికిందో.

నేను ఆ ఇంటిని మొదటిసారి చూసింది 2007 అక్టోబరులో. న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీకి చేరి నెల దాటిందంతే. కిటికీ తెరిస్తే వాన, తలుపు తీస్తే వాన, గదిలో పప్పు కుక్కర్ పెడితే ఎక్కడ పొగ అలారం మోగుతుందో అని టెన్షన్. అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక ఏడుపొచ్చేది. నేను క్లాసులకి వెళ్లే పాత ఎర్ర ఇటుకల భవనం పేరు ఆర్మ్‌స్ట్రాంగ్ బిల్డింగ్. సాయంత్రాలు నడిచే పార్కు జెస్మండ్ డీన్, అది 1883లో ఊరికి రాసిచ్చింది ఆర్మ్‌స్ట్రాంగ్. టైన్ నది మీద ఎరుపూ తెలుపూ రంగుల్లో ఒక పొట్టి వంతెన ఉంటుంది, పడవ వస్తే నిలువునా లేవకుండా పక్కకి గిర్రున తిరిగి దారిచ్చేలా చేసిన స్వింగ్ బ్రిడ్జి, 1876 నాటిది, అదీ ఆర్మ్‌స్ట్రాంగ్ కట్టిందే. ఎక్కడ చూసినా ఈ పేరే కనపడుతుంటే, ఎవరీయన అని మా ఇంట్లో ఉండే వరంగల్ అమ్మాయిని అడిగాను. "ఆయన ఇల్లే ఉందక్కా, ఆదివారం పోదాం" అంది. ఇద్దరం మోర్పెత్ మీదుగా బస్సెక్కి వెళ్లాం.

క్రాగ్ అంటే రాతిగుట్ట. పేరుకి తగ్గట్టే ఇల్లు రాతిలోంచి మొలిచినట్టు ఉంటుంది. కింద లోయలో డెబ్డన్ వాగు, దాని మీద సన్నటి ఇనుప వంతెన. ఆ వంతెన దగ్గర నిలబడి తలెత్తి చూస్తే పైన గుట్టంతా పెద్ద పెద్ద బండరాళ్లు దొర్లించి చేసిన తోట, ఆ బండల చివర ఇల్లు. రాతి గోడలు ఒకచోట, నల్లటి చెక్క చట్రాల మధ్య తెల్లటి గోడలు ఇంకోచోట, కోసుగా లేచిన కప్పులు ఒకదాని మీదకి ఒకటి, వాటిని దాటి ఆకాశంలోకి పోయిన పొడుగాటి పొగగొట్టాలు, ఒక పక్కన బురుజు. ఎటు నుంచి చూసినా ఇంకో ఇల్లు లాగే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి "ఇదీ ముఖద్వారం, ఇటు మూడు కిటికీలు, అటు మూడు కిటికీలు" అని చెప్పుకునే రకం కాదు. నాకెందుకో అదే నచ్చింది. ముందు రెండు గదులు వేసుకుని, పిల్లలు పెద్దయ్యాక వరండా మూసేసి ఇంకో గది చేసుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు పైన ఒక వాటా లేపుకునే మన ఇళ్ల లాగే ఇదీ ముక్కముక్కగా పెరిగిన ఇల్లు.

నిజంగానే అలా పెరిగింది. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1810లో న్యూకాసిల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఎప్పుడూ దగ్గు, ఒంట్లో నలత, అందుకని గాలిమార్పుకి రాత్‌బరీ తీసుకొచ్చేవారు. కొకెట్‌లో గాలం వేస్తూ పెరిగాడు. తండ్రి మాట కాదనలేక లా చదివి పదేళ్లకు పైగా సొలిసిటర్ పని చేశాడు, మనసంతా నీళ్ల మీద. 1835లో ఒకసారి చేపలు పట్టడానికి వెళ్లినప్పుడు ఒక నీటిచక్రం తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడట. అంత ఎత్తు నుంచి పడుతున్న నీళ్లలో ఆ చక్రం వాడుకుంటున్నది ఎంత కొంచెం, మిగతా బలమంతా వృథాగా పోతోంది కదా అని అప్పుడే తట్టింది. అక్కడి నుంచి నీటి ఒత్తిడితో నడిచే క్రేన్, 1847లో న్యూకాసిల్ ఎల్స్‌విక్‌లో ఫ్యాక్టరీ, క్రిమియా యుద్ధం నాటి నుంచి ఫిరంగులు. 1859లో సర్ బిరుదు. తర్వాత 1894లో తెరిచిన లండన్ టవర్ బ్రిడ్జిని పైకి ఎత్తే యంత్రాలు కూడా ఆయన కంపెనీవే. లండన్‌లో ఆ వంతెన ముందు ఫొటో దిగే మనవాళ్లకి ఈ సంగతి చెప్పాలని నాకెప్పుడూ ఉంటుంది.

1863లో, యాభై దాటాక, ఎడతెరిపి లేని పని నుంచి నాలుగు రోజులు సెలవు దొరికి మళ్లీ రాత్‌బరీ వచ్చాడు. చిన్నప్పుడు తిరిగిన వాగు పక్కనే స్థలం కొన్నాడు. వేటకీ చేపలకీ వచ్చినప్పుడు ఉండడానికని ఒక మామూలు రాతి ఇల్లు కట్టించాడు. అదే ఏడాది న్యూకాసిల్‌లో జరిగిన శాస్త్రవేత్తల పెద్ద సభకి ఆయనే అధ్యక్షుడు. ఊరంతా బొగ్గు మీద బతుకుతున్న చోట నిలబడి, ఈ బొగ్గు రెండు వందల ఏళ్లలో అయిపోతుంది అని చెప్పాడు. 1863లో! నాకు ఒళ్లు గగుర్పొడిచేది ఆ మాటకే.

1869లో రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్ట్ వచ్చాడు. ఎడిన్‌బరాలో పుట్టినవాడు, తర్వాత లండన్‌లో థేమ్స్ ఒడ్డున పోలీసుల స్కాట్లండ్ యార్డ్ కోసం భవనం గీసింది ఈయనే. అతిథులందరూ వేటకి పోయి తిరిగొచ్చేలోపు, ఒక్క మధ్యాహ్నంలో ఈ ఇంటి కొత్త రూపం మొత్తం కాగితం మీద పెట్టేశాడని అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఇంచుమించు పదిహేనేళ్లు అతికించుకుంటూ పోయారు. లైబ్రరీ, దాని కింద వేడిగాలి గదులూ చన్నీళ్ల మడుగూ ఉన్న టర్కిష్ స్నానాల గది, తర్వాత బురుజు, బొమ్మలకని పొడుగాటి గ్యాలరీ, చివరికి 1884లో డ్రాయింగ్ రూమ్. చోటు చాలనప్పుడల్లా కొండ రాయి పగలగొట్టడం, గది వేయడం. చుట్టూ బోడికొండలా ఉన్న నేల మీద 70 లక్షల దాకా చెట్లు నాటించారట. ఇప్పుడు అడవిలా కనిపించేదంతా నిజానికి చేత్తో పెట్టిన తోట, అందులో ఆయన భార్య మార్గరెట్ చెయ్యి పెద్దది.

ఇవన్నీ ఆ రోజు విన్నాను, కొంత మర్చిపోయాను, తర్వాత చదువుకున్నాను. ఆ రోజు నాకు నిలిచిపోయింది లైబ్రరీ ఒక్కటే.

ఓ మోస్తరు పొడుగైన గది, గోడకి సగం ఎత్తు దాకా నున్నటి చెక్క, లోయ వైపుకి పొడుచుకొచ్చిన పెద్ద కిటికీ, పైన రంగుటద్దాలు. పుస్తకాల అల్మరాల మీద నాలుగు పూలకూజాలు, రాగి మీద రంగురంగుల మీనాకారీ పని చేసినవి, వాటి మీద గుండ్రటి గాజు దీపాలు. 1878లో ఆర్మ్‌స్ట్రాంగ్ గ్యాలరీలో ఆర్క్ ల్యాంప్, అంటే రెండు కార్బన్ కడ్డీల మధ్య మెరుపుతో వెలిగే దీపం, ఒకటి వెలిగించాడు, వాగు నీళ్లతో తిరిగి కరెంటు పుట్టించే డైనమోతోనే. కానీ ఆర్క్ ల్యాంప్ అంటే కళ్లలో పొడిచే వెలుతురు, ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకునేది కాదు. న్యూకాసిల్‌కి నది అవతలే గేట్స్‌హెడ్‌లో జోసెఫ్ స్వాన్ అనే ఆయన గాజు బల్బు తయారుచేస్తున్నాడు. మనం ఎడిసన్ పేరు ఒక్కటే చదువుకున్నాం గానీ, ఆ ఊళ్లో స్వాన్ పేరు ఎత్తితే పెద్దవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. 1880లో స్వాన్ బల్బులు ఈ ఇంట్లోకి వచ్చాయి. మొత్తం 45 దీపాలు. డైనమో ఉన్నది ఇంటికి ఇంచుమించు కిలోమీటరున్నర దూరంలో, అక్కడి నుంచి రాగి తీగ లాగారు. బల్బులన్నీ ఒకేసారి వెలిగించాల్సిన పనిలేకుండా గది నుంచి గదికి కరెంటు మార్చుకునే ఏర్పాటు.

ఆ పూలకూజాలకి స్విచ్ లేదు. కూజాయే తీగ. దాని అడుగున పాదరసం పోసిన చిన్న గిన్నె ఉంటుంది, కూజాని పీఠం మీద పెడితే దీపం వెలుగుతుంది, పైకెత్తితే ఆరిపోతుంది. స్విచ్ అనే వస్తువు ఇంకా ఎవరి ఇంటి గోడ మీదకీ రాని రోజులు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక పత్రికకి రాసిన ఉత్తరంలో, ఈ ఇంటికి దీపం పెడుతున్నది వాగే, ఇందులో ఏ పదార్థమూ ఖర్చు కావడం లేదు అని రాశాడు. వాగు నీళ్లు వచ్చాయి, చక్రం తిప్పాయి, తమ దారిన తాము పోయాయి, అంతే. ఆ మాట అక్కడ వినగానే నాకు నాన్న గొంతు వినిపించింది. చిన్నప్పుడు మాకు సరిగ్గా ఇదే చెప్పేవారు. "నీళ్లని మనం తినెయ్యం అమ్మలూ, పని చేయించుకుని వదిలేస్తాం."

మాచ్‌ఖండ్ గురించి చెప్పాలి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు, డుడుమ జలపాతం పక్కన. మద్రాసు రాష్ట్రం ఉన్న రోజుల్లో మొదలుపెట్టి 1955లో కరెంటు మొదలైన ప్రాజెక్టు, రెండు రాష్ట్రాలదీ. మూడు చిన్న యూనిట్లు, మూడు పెద్ద యూనిట్లు. మేముండేది ఒనకడిల్లీలో కొండ మీద క్వార్టర్స్. పవర్ హౌస్ ఎక్కడో కింద లోయలో. దిగడానికి వించ్, అంటే పట్టాల మీద తాడు కట్టి దింపే ట్రాలీ, నిట్టనిలువుగా ఉన్నట్టే ఉంటుంది. నేను మొదటిసారి ఎక్కినప్పుడు కళ్లు మూసుకుని నాన్న చొక్కా పట్టుకుని కిందికి చేరేదాకా వదల్లేదు. చలికాలంలో పొగమంచులోకి వించ్ దిగుతుంటే ముందు నాన్న చెప్పులు, తర్వాత లుంగీలా చుట్టుకున్న శాలువా, చివరికి మంకీ క్యాప్ మాయమయ్యేవి. అమ్మ గేటు దగ్గర నిలబడి చూసి లోపలికొచ్చేది. మూడు షిఫ్టులు. పండగైనా అంతే, మా ఇంట్లో దీపావళి చాలాసార్లు మర్నాడు జరిగింది.

గంట గంటకీ లాగ్‌షీట్ రాయాలి. వోల్టేజీ ఎంత, లోడు ఎంత, బేరింగ్ వేడి ఎంత, నీళ్ల ఒత్తిడి ఎంత, రిమార్క్స్ గడిలో ఏమన్నా ఉంటే ఏముందో, చివరి గడిలో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ సంతకం. ఆ అలవాటు నాన్నకి ఇంట్లోకి కూడా వచ్చేసింది. పాలవాడి లెక్క, మా జ్వరాలు, వర్షం ఎప్పుడు పడింది, అన్నీ నోట్‌బుక్‌లో గడులు గీసి రాసేవారు. నేను ఇంగ్లండ్ వచ్చాక ఆదివారం ఫోన్ చేస్తే మొదటి మాట "ఇక్కడ అంతా నార్మల్". అమ్మ ఆసుపత్రిలో ఉన్న వారం కూడా అదే మాట, కాకపోతే గొంతు వేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మా కాలనీ పిల్లలందరికీ తెలుసు. రాత్రిపూట మా క్వార్టర్స్ అన్నీ దీపాలతో మెరిసిపోయేవి, ఎదురు కొండల మీద ఉన్న ఊళ్లు చీకటిగా ఉండేవి. ఆ ఊళ్ల నుంచే గురువారం సంతకి కొండ దిగి వచ్చేవాళ్లు. ఆ కొండల నీళ్లు విశాఖపట్నంలో ఫ్యాన్లు తిప్పేవి గానీ వాళ్ల గుడిసెలో బల్బు వెలిగించలేదు. నాన్న దీని గురించి ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఒకసారి మాత్రం రాత్రి వరండాలో కూర్చుని అటు చూస్తూ "ఇది తప్పమ్మా" అన్నారు.

సరే, 2012. అమ్మ పోయి రెండేళ్లు. నాన్న రిటైరై విశాఖలో ఒంటరిగా ఉంటున్నారు. నేనూ మా ఆయనా ఎంత బతిమాలితేనో టికెట్ తీయనిచ్చారు. జూన్ నెల, అక్కడ రోడోడెండ్రాన్లు పూసే కాలం, క్రాగ్‌సైడ్ కొండంతా గులాబీ రంగు, ఊదా రంగు. నాన్న మంకీ క్యాప్ పెట్టుకునే వచ్చారు, ఇంగ్లండ్ వాళ్లకి అది వేసవి, ఆయనకి కాదు.

ముందు వంటిల్లు. నేలమాళిగ మెట్ల దగ్గరలో, పెద్ద పొయ్యి, దాని ముందు మాంసం గుచ్చి తిప్పే ఇనుప చువ్వ. అది చేత్తో తిప్పేది కాదు, నీటి ఒత్తిడితో దానంతటది తిరుగుతుంది. పక్కన లిఫ్టు, అదీ నీటి ఒత్తిడితోనే. ఎవరో దొరలు ఎక్కడానికి పెట్టారేమో అనుకుంటాం, కానీ ఎక్కువగా వాడింది పనివాళ్లు, పై అంతస్తుల్లో గది గదికీ చలిమంటకి బొగ్గు మొయ్యాలి కాబట్టి. అది వినగానే నాన్న ఆగిపోయారు. "బొగ్గు మోసేవాళ్ల కోసం లిఫ్టా" అని మళ్లీ అడిగి తెలుసుకున్నారు. ఆ ఇంట్లో ఆయన తలాడించి మెచ్చుకున్న మొదటి వస్తువు అదే.

భోజనాల గదిలో ఒక పెద్ద రాతి కమాను లోపల పొయ్యి, దానికి అటూ ఇటూ చెక్క బల్లలు, అంటే మంట పక్కనే గూడులో కూర్చున్నట్టు. విలియం మోరిస్ కంపెనీ చేసిన రంగుటద్దాలు పక్కన. ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ చెప్పులేసుకుని పేపరు చదువుకుంటూ, కాళ్ల దగ్గర కుక్కలతో కూర్చున్నట్టు ఒక బొమ్మ ఉంది. పొయ్యి మీద రాతిలో ఒక మాట చెక్కించారు, ఉత్తరాది యాసలో. తూర్పు పోయినా పడమర పోయినా మన ఇల్లే మేలు అని దాని భావం. నేను తెలుగులో చెబితే నాన్న ఏమీ అనలేదు. నా వైపు చూసి భుజం మీద చెయ్యి వేశారు. నేను వెంటనే పక్క గదిలోకి నడిచాను, కళ్లు తుడుచుకోవడానికి.

డ్రాయింగ్ రూమ్ దగ్గర అందరూ నోరు తెరుస్తారు. అప్పటికి ఇరవై ఏళ్ల కింద వేటకొట్టంగా మొదలైన ఇల్లు ఆఖరికి అక్కడికి చేరింది. పైకప్పులో అద్దాలు, వెలుతురు పైనుంచి పడుతుంది. గది చివర గోడంతా పాలరాయితో ఒక ఫైర్‌ప్లేస్, శిల్పాలూ తీగలూ పూలూ, నేల నుంచి కప్పు దాకా. బరువు 10 టన్నులు. షా దగ్గర పనిచేసిన లెథబీ గీసింది. 1884లో అప్పటి యువరాజూ ఆయన భార్యా వస్తున్నారని ఆ గది పూర్తి చేశారు. వాళ్లు పడుకున్న గదిలో మంచం స్తంభాల మీద గుడ్లగూబలు చెక్కి ఉంటాయి. పర్షియా, సయాం రాజుల లాంటి వాళ్లు కూడా వచ్చి వెళ్లిన ఇల్లు. నాకు మాత్రం ఆ పాలరాయి నచ్చలేదు. మిగతా ఇల్లంతా చెట్టులా పెరిగితే ఈ గది ఒక్కటీ పెళ్లిపందిరిలా ఉంటుంది. నాన్న మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. అందానికి అనుకున్నాను. "పది టన్నులు ఈ కొండ మీదకి ఎలా ఎక్కించారో" అన్నారు.

అతిథులుగా వచ్చిన రాజుల్లో చాలామంది ఫిరంగులూ యుద్ధనౌకలూ కొనడానికి వచ్చినవాళ్లేనని కూడా ఆ రోజే నాన్నకి చెప్పాను. దాచిపెట్టి చూపించడం నాకిష్టం లేదు. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలకీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు వెళ్లాయి. ఎల్స్‌విక్‌లో తయారైన నౌకలతో జపాన్ వాళ్లు 1905లో రష్యాని ఓడించారు. ఈ పాలరాయి, ఈ గుడ్లగూబల మంచం, కొండంతా ఈ పూలు, అన్నిట్లోనూ ఆ డబ్బు ఉంది. నాన్న విని "దీపం పెట్టిన చెయ్యీ అదే, మందుగుండు కూరిన చెయ్యీ అదే" అని మెల్లగా అని, పవర్ హౌస్ ఎటు అని అడిగారు.

పవర్ హౌస్‌కి కొండ దిగి చాలా దూరం నడవాలి. మొదటి ఏర్పాటు చాలక, ఇంకా పై కొండ మీద నెల్లీస్ మాస్ అనే చెరువులు తవ్వించి, వాటి నీళ్లు గొట్టాల్లో కిందికి తెచ్చి, 1886లో బర్న్‌ఫుట్ దగ్గర కొత్త పవర్ హౌస్ కట్టారు. బయటి నుంచి చూస్తే చిన్న రాతి ఇల్లు, మన ఊళ్లో రైల్వే గ్యాంగ్‌మెన్ క్వార్టరంత. లోపల నల్లటి నత్తగుల్లలా ఒక టర్బైను, దానికి డైనమో, గోడకి రాగి మీటలూ పాత మీటర్లూ. అది ఇప్పుడు తిరగదు. 1945లో ఇంటికి మామూలు కరెంటు లైను వచ్చాక ఆగిపోయింది.

నాన్న గడప దగ్గర చెప్పులు విప్పబోయారు. నేను వద్దంటే ఆగారు.

అక్కడ వలంటీరుగా ఒక పెద్దాయన ఉన్నారు, ఒకప్పుడు టైన్ నది మీద ఓడలు కట్టే చోట పనిచేశారట. నేషనల్ ట్రస్ట్ అని 1977 నుంచి ఈ ఇంటిని చూసుకునే సంస్థ ఉంది, వాళ్ల దగ్గర ఇలా రిటైరైన వాళ్లు చాలామంది ఇష్టంగా వచ్చి పనిచేస్తారు. నాన్న ఇంగ్లీషు లాగ్‌షీట్ ఇంగ్లీషు. ఆ పెద్దాయన ఇంగ్లీషు న్యూకాసిల్ యాస, నాకే సగం అర్థం కాదు. నేను తర్జుమా చేద్దామని నిలబడితే అవసరమే రాలేదు. నాన్న హెడ్, అంటే నీళ్లు పడే ఎత్తు, ఎంత అన్నారు. 300 అడుగులకు పైనే అన్నారాయన. నాన్న తన ఛాతీ మీద చెయ్యి పెట్టి, మాది అంతకి రెండింతల పైనే అని వేళ్లతో చూపించారు. టర్బైనులోకి నీళ్లు వదిలే రెక్కలు, అదే గైడ్ వేన్స్, తెరుచుకోవడం మూసుకోవడం రెండు అరచేతులతో చేసి చూపిస్తే, ఆయన అవునవునంటూ కింద వంగి టర్బైను పక్కనున్న మీటలు చూపించారు. బేరింగ్ అన్నారు, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ అన్నారు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను బయటికొచ్చి గడ్డి మీద కూర్చున్నాను. ఓ గంట గడిచింది.

బయటికొచ్చే ముందు నాన్న ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు, అది మాత్రం నన్ను చెప్పమన్నారు. "రాత్రి డ్యూటీ ఎవరు చేసేవారు అని అడుగు." పైన ఇంట్లో దీపాలు వెలిగేది రాత్రిళ్లే కదా. విందులయ్యేదీ, రాజులొచ్చి కూర్చునేదీ, లైబ్రరీలో కూజా మీద దీపం చూసి అందరూ అబ్బురపడేదీ రాత్రిళ్లే. అప్పుడు ఈ లోయలో, ఈ చలిలో, ఈ నీళ్ల హోరులో ఒకడు కూర్చోవాలి. లోడు పెరిగితే నీళ్లు పెంచాలి, తగ్గితే తగ్గించాలి. అతిథులు ఎప్పటికి పడుకుంటే అప్పటిదాకా వాడికి నిద్ర లేదు. ఇంటి కథలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు, షా ఉన్నాడు, స్వాన్ ఉన్నాడు, పాలరాయి గీసినాయన కూడా ఉన్నాడు. ఐదేళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్న నాకు, కరెంటు కాలనీలో పుట్టి పెరిగిన నాకు, ఆ మనిషి గురించి అడగాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ పక్కన ఖాళీ మూల చూపించి, ఎవరైనా కూర్చుని ఉంటే ఇక్కడే కూర్చుని ఉండాలి, మీటర్లు ఇక్కడి నుంచే కనిపిస్తాయి అన్నారు. నాన్న వెళ్లి ఆ మూలలో నిలబడ్డారు. మీటర్ల వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని.

రెండో వారం మళ్లీ అడిగారు, మళ్లీ వెళ్లాం. ఇంట్లోకి అసలు రాలేదు, నేరుగా కిందికే. ఆ రోజు ఆ పెద్దాయన లేరు, ఇంకెవరో ఉన్నారు. నాన్న కాసేపు చూసి, వాగు పక్కన బెంచీ మీద కూర్చుని జేబులోంచి నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నారు. పాలవాడి లెక్కలాంటిదే ఏదో అనుకుని నేను అడగలేదు.

2014లో క్రాగ్‌సైడ్‌లో టంబుల్టన్ చెరువు దగ్గర కొత్తగా 17 మీటర్ల పొడుగు స్క్రూ ఒకటి పెట్టారు, నీళ్లు దాని మీద నుంచి దొర్లుతూ దిగితే అది తిరిగి కరెంటు వస్తుంది, 12 కిలోవాట్లు. ఇల్లు మళ్లీ తన నీళ్లతో తాను వెలగడం మొదలైంది. నేను ఫొటోలు పంపి ఫోన్ చేశాను. నాన్న ఎప్పటిలా "ఇక్కడ అంతా నార్మల్" అని, తర్వాత చాలాసేపు దాని గురించే అడిగారు. చేపలకి దెబ్బ తగలదా, ఆకులు అడ్డం పడితే ఎవరు తీస్తారు, ఎవరన్నా మనిషిని పెట్టారా లేక దానంతటదేనా. దానంతటదే నాన్నా అన్నాను. "ఓహో" అన్నారు.

నాన్న పోయాక విశాఖ ఇల్లు ఖాళీ చేస్తుంటే నోట్‌బుక్‌లు ఓ అట్టపెట్టెడు దొరికాయి. 2012ది తీసి చూశాను. జూన్ దగ్గర ఒక పేజీలో స్కేలు లేకుండా చేత్తో గీసిన గడులున్నాయి. స్టేషన్: క్రాగ్‌సైడ్. హెడ్: 300 అడుగులపైన. లోడు: లేదు. బేరింగ్: చల్లగా ఉంది. రిమార్క్స్ గడిలో, యూనిట్ ఆగి ఉంది, శుభ్రంగా ఉంచారు, అని రాశారు. చివరి గడి డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌ది. అందులో నాన్న సంతకం ఉంది.